మాస్టారికి జలుబు చెయ్యదు

త్రినాథరావు మాస్టారికి జలుబు చెయ్యదు. ముప్పై మూడేళ్లుగా చెయ్యలేదు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నారు కాబట్టి ఈ రెండు నెలలూ చెయ్యడానికి వీల్లేదు. తుమ్మొస్తే అది దుమ్ము. ముక్కు కారితే అది మంచు. ఒళ్లు కాలితే వేడి చేసిందన్నమాట, రెండు కొబ్బరి బొండాలు తాగితే అదే చల్లారుతుంది. రోగం తలుపు తట్టినప్పుడల్లా ఆయన దానికి వేరే పేరు పెట్టి లోపలికి రానిచ్చేవారు.

పలాస నుంచి ఉద్దానం వైపు పోయే దారిలో మొగిలిపుట్టుగ అని ఒక ఊరు. ఆ ఊరి హైస్కూలుకి ఆయన హెడ్మాస్టరు. కాపురం టెక్కలిలో. పొద్దున్నే బస్సెక్కి, పలాసలో దిగి, ఆటో పట్టుకుని, మొదటి గంటకి ముందే బడి గేటు దగ్గర నిలబడేవారు. పెళ్లిళ్లకీ చావులకీ సెలవు పెట్టారు గానీ ఒంట్లో బాగాలేదని సర్వీసు మొత్తంలో ఒక్క రోజు పెట్టలేదు. దానికో కారణముంది. ఉద్యోగంలో చేరిన రోజున అప్పటి హెడ్మాస్టరు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఈ పుల్లలాటి మనిషి ఒక వానాకాలం ఆగుతాడేటి?" అన్నాడు. అన్నవాడు ఎప్పుడో పోయాడు. మాట మాత్రం మాస్టారి చెవిలో అలాగే ఉండిపోయింది.

రిటైర్మెంటు సభకి సన్మానపత్రం కూడా తయారైంది. తెలుగు మాస్టారు నారాయణరావు రాశారు. అందులో "జ్వరమన్నది ఎరుగని వజ్రకాయులు" అని ఒక వాక్యం ఉంది. మిగతా పత్రమంతా ఎవరి సభలోనైనా చదువుకోవచ్చు, ఆ ఒక్క వాక్యమే తనదని మాస్టారికి తెలుసు. రోజుకోసారైనా సొరుగు తీసి దాన్ని చదువుకునేవారు. ఏప్రిల్లో కాశీబుగ్గలో అచ్చు వేయించి, అద్దం కట్టించాలి. అంతవరకూ ఒక్క రోజు కూడా మంచం ఎక్కకూడదు. ఆయనకి మిగిలిన కోరికల్లా అదే.

ఫిబ్రవరి నెలాఖరులో చుట్టుపక్కల ఫ్లూ మొదలైంది. సోంపేట వైపు పిల్లలు పడిపోతున్నారని, కవిటి వైపు బళ్లు సగం ఖాళీ అని కబుర్లు వచ్చాయి. పదో తరగతి పరీక్షలకి మూడు వారాలు కూడా లేదు. సైన్సు టీచరు ఉషశ్రీ స్టాఫు మీటింగులో నాలుగు మాటలు చెప్పింది. జ్వరమొచ్చిన పిల్లల్ని ఇంటి దగ్గరే ఉంచాలి. కిటికీలు తెరవాలి. దగ్గు, తుమ్ము మోచేతి మడతలోకి పోవాలి. చేతులు కడుక్కోవాలి.

మాస్టారు లెక్కల మనిషి. లెక్కకి అందేది చేతులొక్కటే అనిపించింది. రెండు వందల పన్నెండు మంది పిల్లలు, నాలుగు వందల ఇరవై నాలుగు చేతులు. "రేపట్నుంచి ప్రార్థనలో ప్రతి చెయ్యీ నేనే చూస్తాను" అన్నారు. జ్వరమొచ్చినవాళ్లని ఇంట్లో ఉంచడం మాత్రం ఆయనకి గొంతు దిగలేదు. "జ్వరమని బడి మానీడం పిరికితనం. నన్ను సూసి నేర్చుకోండి" అని సోమవారం మైకులో చెప్పారు. దాంతో అప్పటికే ఒళ్లు కాలుతున్న పిల్లలు కూడా ధైర్యం తెచ్చుకుని బడికొచ్చారు.

తనిఖీ అంటే అల్లాటప్పా తనిఖీ కాదు. వరుసలో ఒక్కొక్కరి ముందూ ఆగేవారు. రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి, గోళ్లు నొక్కి, వంగి సబ్బు వాసన వస్తోందో లేదో చూసేవారు. బాగుంటే భుజం తట్టి తరవాతి పిల్లవాడి దగ్గరికి వెళ్లేవారు. మంగళవారం నుంచి మధ్యమధ్యలో తుమ్ములు మొదలయ్యాయి. తుమ్మొచ్చినప్పుడు మర్యాదగా ముక్కుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, "ఫ్యాక్టరీ పొగ" అని చెప్పి, అదే చేత్తో తరవాతి చెయ్యి అందుకునేవారు. ఊరి చివర జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది. పిక్కలు కాల్చే రోజుల్లో ఆ పొగకి ఊరంతా దగ్గుతుంది. అక్కడ జలుబు చేసినవాడు ముందు ఫ్యాక్టరీని తిట్టాకే డాక్టరు దగ్గరికి వెళ్తాడు. అంచేత ఎవరూ కాదనలేదు.

ఎనిమిదో తరగతి వరుసలో దుర్గాదేవి దగ్గర మాత్రం మాస్టారు ఆగిపోయారు. అరచేతులు బొగ్గు పులిమినట్టు ఉన్నాయి.

"ఏటిది?"

"జీడి మేస్టారూ. తోటలో పిక్కలేరినాను. పోదండి."

"పోయీదాకా కడుగు. ఎల్లు."

ఆయన ఆ చేతుల్ని ముట్టుకోలేదు. కొత్తలో ఒకసారి సరదాపడి పచ్చి జీడిపిక్క కొరికితే తొక్కలోని రసానికి మూతి పొక్కి వారం రోజులు మజ్జిగ మీద బతికారు. అప్పట్నుంచి జీడి అంటే ఆమడ దూరం. మొదటి రోజు అలా కుళాయి దగ్గరికి పంపినవాళ్లు ముగ్గురు. గురువారానికి పదకొండు మంది అయ్యారు. సీజను మొదలైంది కదా, తోటల్లో పిక్కలు బాగా రాలుతున్నాయి కాబోలు అనుకున్నారాయన.

బుధవారం ఏడుగురు రాలేదు. శుక్రవారానికి ముప్పై ఒక్కమంది. మాస్టారికి పంతం పెరిగి మధ్యాహ్న భోజనం తరవాత కూడా తనిఖీ పెట్టారు. సోమవారానికి అరవై నాలుగు మంది పడిపోయారు. కిందటి వారమే మాస్టారు భుజం తట్టి "నువ్వే మా బడి పేరు నిలబెట్టాలి" అన్న పదో తరగతి ఆనంద్ కూడా మంచం పట్టాడు. పరీక్షలకి పదకొండు రోజులుంది. 

"సార్, ఏమీ అనుకోకండి. మీరోసారి టెంపరేచర్ చూసుకుంటే..." అని ఉషశ్రీ నసిగింది.

"నాకేటమ్మా? పొగ" అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ.

ఇంట్లోనూ అదే గొడవ. ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ ఆవిరి గిన్నె ముందు పెట్టి, "మొగిలిపుట్టుగ పొగ టెక్కలి దాకా వస్తోందేటండీ?" అని అడిగింది.

"బట్టలకి పట్టుకుని వస్తాది."

"అయితే బట్టలకి పట్టమనండి ఆవిరి" అని ఆవిడ గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆవిడకీ రెండు రోజులుగా గొంతు బొంగురుగా ఉంది.

ఆ సోమవారమే ఉషశ్రీ ఎనిమిదో తరగతికి ఒక పని అప్పజెప్పింది. ప్రార్థనలో ఎవరెక్కడ నిలబడతారో కాగితం మీద గీసి, జ్వరమొచ్చినవాళ్ల దగ్గర ఎర్ర చుక్క పెట్టాలి. దుర్గాదేవి ఓపిగ్గా గీసింది. సాయంత్రం దాన్ని తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టి, ఏదో చెప్పబోయి, ఆయన తలెత్తేసరికి వెళ్లిపోయింది.

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. అన్ని వరుసల్లోనూ ఎర్ర చుక్కలున్నాయి. తాను కుళాయి దగ్గరికి పంపిన పదకొండు మంది దగ్గర మాత్రం ఒక్కటి కూడా లేదు. జీడి చేతుల పిల్లలు! ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పిన బుర్ర ఒక్క క్షణంలో తేల్చేసింది. జీడి రసం ఫ్లూని చంపుతుంది. ఇంతకాలం మన పెరట్లో మందు పెట్టుకుని ఊళ్లన్నీ తిరుగుతున్నాం. సన్మానపత్రంలో ఇంకో వాక్యం చేర్చాల్సి రావచ్చు.

పిల్లల మీద ప్రయోగం చెయ్యకూడదు, ముందు తన మీదే చేసుకోవాలి అనుకున్నారు. అంతవరకూ బుద్ధిమంతుడే. బడి గోడ పక్కన జీడిమామిడి చెట్టు కింద నాలుగు పచ్చి పిక్కలు ఏరి, రాయి పెట్టి చితక్కొట్టి, రెండు అరచేతులకీ దిట్టంగా పట్టించారు. జీడి పనిచేసే ఆడవాళ్లు ముందు చేతులకి కొబ్బరినూనె రాసుకుంటారని ఊళ్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. టెక్కలి మనిషికి తెలియలేదు. పలాసలో బస్సెక్కేసరికి మంట. నందిగాం దాటేసరికి పొక్కులు.

"ఓలమ్మో! ఏటండీ ఆ చేతులు!" అని లక్ష్మీకాంతమ్మ నూనె సీసా తీసుకుని పరిగెత్తుకొచ్చింది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. "ఒళ్లు పేలిపోతోంది. నూట రెండుకి తక్కువుండదు."

"వేడి చేసింది" అన్నారు మాస్టారు.

మంగళవారం ప్రార్థనకి నూట నలభై మంది కూడా లేరు. ముఖం చూసి హాజరు వేసే ఫోను మాస్టారిని రెండుసార్లు గుర్తుపట్టలేదు. వెలుతురు సరిగ్గా లేదని మూడోసారి ఎండలోకి వెళ్లి ఫొటో తీసుకున్నారు. తరవాత నల్లగా మాడి బూరెల్లా ఉబ్బిన రెండు చేతులూ పైకెత్తి మైకు ముందు నిలబడ్డారు. పిల్లలు హడలిపోయారు.

"భయపడకండి. ఇది మందు. జీడి చేతులున్న పదకొండు మందిలో ఒక్కరికీ జ్వరం రాలేదు. కాబట్టి ఫ్లూకి జీడే విరుగుడు. రేపట్నుంచి..."

ఉషశ్రీ గాభరాగా ముందుకొచ్చింది. ఆవిడ నోరు తెరిచే లోపల ఎనిమిదో తరగతి వరుసలో ఒక నల్ల చెయ్యి లేచింది.

"జీడి వల్ల కాదండి మేస్టారూ" అంది దుర్గాదేవి.

"మరేటి?"

"మా పదకొండు మంది సేతులూ మీరు పట్టుకోనేదండి."

మాస్టారు నవ్వడానికి ప్రయత్నించారు. "పట్టుకుంటే ఏటమ్మా? నాకు జలుబు లేదు కదా. అది ఫ్యాక్టరీ పొగ."

"ఫ్యాక్టరీ మూసీసి తొమ్మిది రోజులైందండి. బాయిలర్ పాడైపోనాది. మాయమ్మ పని నేక ఇంటికాడే ఉంది."

మైదానంలో ఉన్న తలలన్నీ ఒక్కసారి ఊరి చివరికి తిరిగాయి. మాస్టారి తల కూడా తిరిగింది. పొగగొట్టం మీద పొగ లేదు. రెండు కాకులు తీరిగ్గా పుల్లలు పేర్చుకుని గూడు కట్టుకుంటున్నాయి. గూడు సగం పైగా అయింది కూడా.

అదే సమయానికి ఆయనకి తుమ్మొచ్చింది. అలవాటుగా అరచెయ్యి అడ్డం వెళ్లింది. తుమ్మాక ఆ చేతిని చూసుకున్నారు. వారం రోజుల్లో దాంతో ఎన్ని చేతులు పట్టుకున్నారో లెక్క కట్టడానికి ఆయనకి కాగితం అక్కర్లేదు. ఆనంద్ చేతులైతే శుక్ర, శనివారాల్లో రెండేసి సార్లు పట్టుకున్నారు.

దుర్గాదేవి ఏడుపు ఆపుకుంటోంది. "మా తాతకి డయాలసిస్సండి. వారానికి రెండుసార్లు పలాస అట్టుకెల్తాం. ఇంట్లోకి జొరం తెచ్చీకండి, ముసిలోడు ఆగలేడు అని నర్సమ్మ సెప్పింది. మంగలారం మీరు తుమ్మడం సూసినాను. సెయ్యి ఇవ్వనంటే కొడతారని భయం. ముందురోజు నల్లగా ఉంటే మీరు ముట్టుకోనేదు కదా, అందుకని రోజూ సబ్బుతో కడుక్కుని, నూనె రాసుకుని, దాని మీద కొత్తగా జీడి పూసుకొచ్చీదాన్ని. ఈలందరికీ కూడా నానే సెప్పినాను. తప్పయిపోనాది మేస్టారూ."

ఆ తాత, కూర్మారావు, మాస్టారికి తెలిసినవాడే. బడి ప్రహరీకి కొబ్బరి మొక్కలు తెచ్చి నాటినవాడు. ఇప్పుడు మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. ఈ పిల్ల చేతులు శుభ్రంగా ఉండుంటే తానేం చేసుండేవారో తలుచుకుని మాస్టారు ఆ ఉబ్బిన చేతుల్ని వెనక్కి దాచుకున్నారు. ముప్పై మూడేళ్లుగా పిల్లలు తన చెయ్యి పట్టుకోవాలని పోటీ పడేవారు. ఈ పిల్ల తన చెయ్యి తప్పించుకోవడానికి చేతులు మసి చేసుకుంది. సిగ్గుతో ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి పొగ అనలేదు.

"తప్పు నీది కాదమ్మా" అన్నారు. అని, మైకుకి దూరంగా జరిగారు. "నాకు జ్వరంగా ఉంది. వారం రోజుల్నుంచి ఉంది. ఎవరూ నా దగ్గరికి రాకండి."

గదిలోకి వెళ్లి, కిటికీలు తెరిచి, సెలవు చీటీ రాయడానికి కూర్చున్నారు. "నాకు జ్వరముగా నున్నందున" అనే ముక్క కొన్ని వేల చీటీల్లో ఆయన చదివారు. అక్షరదోషాలకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. చెల్లెలి పెళ్లికి వెళ్లొచ్చి జ్వరమని రాసినవాళ్లని బెంచీ ఎక్కించారు. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి "జ్వ" దగ్గర కలం ఆగిపోయింది. సొరుగులో సన్మానపత్రం ఉంది. ఈ రోజుకి ఓర్చుకుంటే, దూరంగా కూర్చుంటే, ఎవరి చెయ్యీ పట్టుకోకపోతే సరిపోదా అని మనసు బేరం పెట్టింది. గుమ్మం అవతల ఉషశ్రీ ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"చేతులు మండుతున్నాయేమో, నేను రాయనా సార్?"

"వద్దమ్మా. ఇది నేనే రాసుకోవాలి."

రాశారు. పొక్కిన వేళ్లతో అక్షరాలు వంకరపోయాయి. బడి ఉషశ్రీకి అప్పజెప్పి, బస్సెక్కకుండా, మూతికి తువ్వాలు కట్టుకుని, ఒక్కరే ఆటోలో టెక్కలి వెళ్లిపోయారు. తలుపు తీసిన లక్ష్మీకాంతమ్మతో గుమ్మంలోనే, "నాకు జ్వరమే" అన్నారు.

"హమ్మయ్య. ముప్పై మూడేళ్లకి ఒప్పుకున్నారు" అని ఆవిడ పక్క వేసింది. "నాక్కూడా అంటించి మరీ ఒప్పుకున్నారు."

ఐదు రోజులు మంచం మీదే ఉన్నారు. ఆ ఐదు రోజులూ బడిలో ఉషశ్రీ మాట నడిచింది. మొదటి రోజే ఒళ్లు వెచ్చగా ఉన్న తొమ్మిది మందిని ఆవిడ ఇంటికి పంపేసింది, వాళ్లని పిరికివాళ్లు అనేవాళ్లు లేకపోయారు. తుప్పు పట్టిన కిటికీ గడియలకి కొబ్బరినూనె పోసి తెరిపించింది. చేతుల తనిఖీ అలాగే ఉంది గానీ పిల్లలే దూరం నుంచి ఎత్తి చూపించేవారు. మాస్టారు మంచం మీంచి రోజూ ఫోను చేసేవారు. మొదటి రోజు అలవాటు కొద్దీ "ఎంతమంది వచ్చారమ్మా?" అని అడిగారు. మూడో రోజుకి "జ్వరమున్నవాళ్లందరూ ఇంటి దగ్గరే ఉన్నారు కదా?" అని అడగడం నేర్చుకున్నారు. కొత్తగా పడిపోయేవాళ్లు రోజురోజుకీ తగ్గారు. ఆనంద్ కోలుకున్నాడు. కాస్త నీరసంగా ఉన్నా మొదటి పరీక్షకి అందరికంటే ముందే వెళ్లి కూర్చున్నాడు.

ఏప్రిల్లో అచ్చుకి ఇచ్చే ముందు నారాయణరావు సన్మానపత్రం పట్టుకుని ఇబ్బందిగా వచ్చారు. "సార్, ఆ వజ్రకాయులు అన్న వాక్యం... ఉంచమంటారా? ఎవరు లెక్కేస్తారు ఐదు రోజులు?"

"కొట్టీండి. నేను చెప్పింది రాయండి" అన్నారు మాస్టారు. చెప్పారు.

నారాయణరావు కలం ఎత్తేశారు. "సన్మానపత్రంలో ఇలా రాయకూడదండీ!"

"రాయండి మేస్టారూ."

సభలో నారాయణరావు దాన్ని అలాగే, కొంచెం గొంతు తగ్గించి చదివారు. "వీరు తమ ముప్పై మూడేళ్ల సర్వీసులో జ్వరమని ఐదు రోజులు మాత్రమే బడి మానినారు. ఆ ఐదు రోజులలో బడికి చాలా మేలు జరిగినది." ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత షామియానా ఎగిరిపోయేట్టు నవ్వారు, చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు నవ్వింది లక్ష్మీకాంతమ్మ. ముందు వరుసలో చేతుల కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న కూర్మారావు కూడా నవ్వాడు.

పిల్లలు ఒక్కొక్కరే వేదిక మీదకి వచ్చారు. మాస్టారు అందరికీ దూరం నుంచే నమస్కారం పెడుతున్నారు. ఆ నెలలో అలవాటైపోయింది. దుర్గాదేవి వంతు వచ్చింది. ఏప్రిల్ కదా, సీజను ముదిరింది, చేతులు మునుపటికంటే నల్లగా ఉన్నాయి. ఈసారి కావాలని పూసుకున్నది కాదు, తోట పని. మాస్టారు ఆమెకీ నమస్కారం పెట్టబోయారు.

"అలాక్కాదు మేస్టారూ. ముందు మీ సేతులు సూపించండి" అంది.

ఆయన బుద్ధిగా రెండు చేతులూ చాపారు. పొక్కులు మాని, పాత తోలు ఊడి, కొత్త చర్మం లేతగా ఉంది. దుర్గాదేవి తిప్పించి చూసింది. గోళ్లు చూసింది. వంగి వాసన కూడా చూసింది.

"బాగున్నాయి" అని తన నల్లటి చెయ్యి ముందుకి చాపింది. "ఇప్పుడు పట్టుకోండి."